తాగుడు జబ్బేనన్న న్యూకాసిల్ వైద్యుడు

"వాడికి పట్టుదల లేదు, ఉంటే రేపే మానేస్తాడు." తాగుడు మరిగిన మనిషి గురించి మన ఇళ్లలో తరచు వినిపించే మాట ఇది. ఈ మాటలోని పొరపాటును రెండు వందల ఏళ్ల కిందటే చెప్పిన వైద్యుడొకరు ఇంగ్లండులో, టైన్ నది ఒడ్డున ఉన్న న్యూకాసిల్‌లో ఉండేవారు. ఆయన పేరు థామస్ ట్రాటర్.

1760లో స్కాట్లండులోని మెల్రోజ్‌లో పుట్టిన ట్రాటర్ నౌకాదళ వైద్యుడు. బానిసలను తరలించే బ్రూక్స్ అనే ఓడలో కొంతకాలం పనిచేసి, అక్కడ కళ్లారా చూసిన ఘోరాన్ని 1790లో పార్లమెంటు కమిటీ ముందు చెప్పారు. 1788లో ఎడిన్‌బరోలో వైద్య పట్టా కోసం ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం మద్యపానం మీదే. 1802లో నౌకాదళం విడిచి న్యూకాసిల్‌లో వైద్యం మొదలుపెట్టారు. పాత వ్యాసాన్ని పెంచి 1804లో పుస్తకంగా అచ్చు వేయించారు.

అలవాటైన తాగుడు మనసుకు పట్టిన జబ్బు అన్నది ఆయన వాదం. రోగిని తిట్టి సిగ్గుపరిస్తే ఫలితం ఉండదని, ముందు అతని నమ్మకం సంపాదించాలని, ఎవరు ఎందుకు తాగుతున్నారో విడివిడిగా తెలుసుకోవాలని వైద్యులకు చెప్పారు.

అయితే ఒక్క విషయంలో తర్వాతి వైద్యం ఆయనతో ఏకీభవించలేదు. మద్యాన్ని ఒక్కసారిగా మాన్పించాలని ట్రాటర్ అభిప్రాయం. తాగుబోతులకు వచ్చే వణుకు, మతిభ్రమణకు 1813లో థామస్ సట్టన్ 'డెలీరియం ట్రెమెన్స్' అని పేరు పెట్టారు. అది తాగడం వల్ల వస్తుందా, మానడం వల్ల వస్తుందా అన్న చర్చ చాలాకాలం సాగింది. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ బృందం ప్రయోగం చేసి, వారాల తరబడి తాగి హఠాత్తుగా ఆపితే వస్తుందని నిరూపించింది.

రోజూ తాగేవారి మెదడు మద్యం మత్తుకు ఎదురీదడం నేర్చుకుంటుంది. మద్యం ఆగిపోయినా ఆ ఎదురీత ఆగదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మతి తప్పడం జరగవచ్చు. ప్రాణమే పోవచ్చు కూడా. 1960లో మార్కెట్లోకి వచ్చిన లిబ్రియం వంటి మందుల వల్ల ఈ గండం దాటించడం సులువైంది. మందును మొదట తగినంత ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. మెదడును కాపాడటానికి బి1 విటమిన్ ఇస్తారు. వైద్యుల పర్యవేక్షణలో జరిగే ఈ పనినే డీటాక్స్ అంటారు. రోజుకు 30 యూనిట్లకు మించి, అంటే దాదాపు ఒక ఫుల్ బాటిల్ విస్కీ కన్నా ఎక్కువ తాగేవారికి, గతంలో ఫిట్స్ వచ్చినవారికి ఆసుపత్రిలో చేర్చి చేయడం గురించి ఆలోచించాలని బ్రిటన్‌లో 2011 నాటి నైస్ మార్గదర్శకాలు చెప్పాయి.

మన నేలమీద కూడా ఈ పాఠం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటం చిన్నది కాదు. కానీ దుకాణం మూస్తే జబ్బు పోదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, ఆ కల్లులోని మత్తుమందులకు అలవాటుపడ్డ కూలీలు వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దొరక్క హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రోగులు బారులు తీరారు.

డీటాక్స్ గండం దాటిస్తుంది, అంతే. దాటాక మళ్లీ గ్లాసు పట్టకుండా నిలబెట్టేవి కౌన్సెలింగ్, అవసరమైతే మందులు, తోటివారి అండ. ట్రాటర్ చెప్పిన నమ్మకం అక్కడే పనికొస్తుంది.

పరాయి దేశంలో నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని మనవాళ్లు ఈ జబ్బును తలుపులు మూసి దాస్తారు. ఒట్టు వేయించుకుని, సీసాలు పారబోసి, ఇంట్లోనే మాన్పించబోతారు. రోజూ బాగా తాగే మనిషికి అది ప్రమాదం. ముందు ఫ్యామిలీ డాక్టరుకు చెప్పండి. మానేశాక ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మతి తప్పినా వెంటనే అంబులెన్సును పిలవండి. మధుమేహానికి మందు వేసుకోవడంలో లేని చిన్నతనం దీనికి మాత్రం ఎందుకు?