హైదరాబాదు: చరిత్ర మ్యూజియాలు, పరిశోధక సంఘాలు

హైదరాబాదులో చరిత్ర సామగ్రిని సేకరించే పని రెండు వైపుల నుంచి మొదలైంది. ఒకటి నిజాం ప్రభుత్వం, దివాన్ల కుటుంబాలు. రెండోది తెలుగువారు సొంతంగా నడుపుకున్న సంఘాలు. సందర్శకులకు తెలిసింది ఎక్కువగా మొదటిదే.

హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఏర్పడింది. అజంతా అప్పుడు నిజాం ఏలుబడిలోనే ఉండేది. అక్కడి గుహాచిత్రాలకు తీయించిన నకళ్లు ఇప్పటికీ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉన్నాయి. 1930లో ప్రారంభమైన ఈ మ్యూజియంలో జనం ముందుగా వెతికేది మాత్రం ఈజిప్టు మమ్మీని. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దీన్ని 1920 ప్రాంతంలో కొన్నారని, వెల సుమారు వెయ్యి పౌండ్లని అంటారు. ఆ మమ్మీ నైషు అనే ఆమెదనీ, ఆమె ఆరో ఫరో కూతురనీ ప్రచారం. మమ్మీ వయస్సు దాదాపు 2500 ఏళ్లని కూడా అంటారు. ఆరో ఫరో కాలం అంతకు ఎన్నో శతాబ్దాల ముందుది కనుక ఈ రెండు మాటలకూ పొంతన కుదరదు. రాజకుమారి కథను పక్కన పెట్టడమే మంచిది.

దివాన్ల కుటుంబమైన సాలార్‌జంగ్‌ల సేకరణతో ఏర్పడిన సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలో ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. ‘ఒకే వ్యక్తి సేకరణ’ అన్న పేరు దీనికి స్థిరపడింది గాని, అది పూర్తిగా నిజం కాదు. బెంజోని చెక్కిన ముసుగు రెబెకా శిల్పాన్ని 1876లో కొన్నది మొదటి సాలార్‌జంగ్. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పుట్టింది 1889లో. సేకరణలో అధిక భాగం ఆయనదే అనడం సబబు.

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం 2000లో తెరుచుకుంది. అందులో ఏడో నిజాం రజతోత్సవ కానుకలు, ఆరో నిజాం దుస్తుల బీరువాలు ఉన్నాయి.

తెలుగు సంఘాల్లో ముఖ్యమైనది లక్ష్మణరాయ పరిశోధక మండలి. స్థాపన సంవత్సరం 1922 అని కొందరు, 1923 అని కొందరు రాశారు. మొదట వేరే పేరుతో ఉండి, 1923 జూలైలో చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు మరణించాక ఆయన పేరు పెట్టుకుందన్న కథనం రెండు తేదీలకూ సరిపోతుంది కనుక అదే నమ్మదగినది. ఆదిరాజు వీరభద్రరావు ఈ మండలికి వెన్నెముక. మండలి చేపట్టిన శాసనాల నకలు తీయడం ఓపికతో కూడిన పని. రాతిని తోమి కడగాలి, తడి కాగితం పరిచి కుచ్చుతో కొట్టి అక్షరాల గుంతల్లోకి దింపాలి, పైన సిరా అద్దాలి. గాలి వీస్తే కాగితం లేచిపోతుంది, మళ్లీ మొదటికే. ఇటువంటి శ్రమ ఫలితంగానే 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం వెలువడింది. మ్యూజియాలు చూపే విదేశీ వస్తువుల కన్నా ఈ పుస్తకమే స్థానిక చరిత్రకు ఎక్కువ పనికి వచ్చింది.

నగర చరిత్ర మీద పనిచేసేవారు తప్పక వెళ్లవలసిన మరో చోటు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. మొగలుల కాలం నాటి దక్కను రికార్డులు, నిజాముల దఫ్తరాలు అక్కడ ఉన్నాయి. సంస్థాన కార్యాలయాల భాష 1880లలో పారసీ నుంచి ఉర్దూకు మారింది కాబట్టి, అంతకు ముందటి కాగితాలు చదవాలంటే పారసీ రావాలి.