నల్ల తీగ తెచ్చిన తంటా

1990ల్లో ముప్పాళ్ళలో మా తాతయ్యకో పాత మోరిస్ కారుండేది. మర్నాడు పిన్నిని పురిటికి నరసరావుపేట తీసుకెళ్ళాలి. బండి మొరాయించకూడదని అన్నయ్య పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాడు. తాళం తిప్పాడో లేదో, కాలిన వాసన!

తప్పెక్కడంటారా? అలవాటుగా నల్ల తీగను బాడీకి తగిలించాడు. 1960ల దాకా చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి కలిపేది బ్యాటరీ ప్లస్‌నే! అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 నాటికే రూపొందించిన పాయింట్ల పద్ధతిలో కరెంటు ఎటు పారినా బండి నడిచేది. ట్రాన్సిస్టరుకు మాత్రం తీగలు తారుమారైతే క్షణంలో ప్రాణం పోతుంది.

తాతయ్య కోప్పడలేదు. పాత పాయింట్లే గీకి బిగించాడు. తెల్లారేసరికి పిన్ని ఆస్పత్రి చేరింది.

కొత్త కోడల్ని తెచ్చుకునేముందు మనింటి ఆనవాయితీ మనకు తెలియొద్దూ!