కొండ దిగిన ఫోను

అరకులోయలో మా పొరుగున కాఫీ తోట గల ఒక రైతు ఉన్నారు. కొన్నేళ్ళ క్రితం ఆయన కొన్న సెల్‌ఫోను మూడు నెలలకే మూగవోయింది. వారంటీ ఏడాది. సర్వీసు సెంటరు మాత్రం విశాఖపట్నంలో, సుమారు 115 కిలోమీటర్ల దూరంలో. కిరండూలు పగటి పాసింజరు ఉదయం విశాఖలో బయలుదేరి కొండ ఎక్కుతుంది, సాయంత్రానికి దిగుతుంది. లోయ చూడవచ్చేవారికి ఆ వేళలు అనుకూలమే. కొండ మీద నుంచి పనిమీద పట్నం పోయేవారికి మాత్రం తలక్రిందులు. ఆ రైలును నమ్ముకుంటే రాత్రి నగరంలో మకాం తప్పదు. అందుచేత తెల్లవారకముందే బస్సెక్కాము. తోడుగా నేనూ వెళ్ళాను.

కౌంటరు వద్ద కుర్రవాడు ఫోను విప్పి, లోపల ఉన్న చిన్న తెల్లకాగితం చుక్క ఎర్రబడిందని చూపించాడు. నీరు తగిలిన ఫోనుకు వారంటీ వర్తించదట. మరమ్మతుకు అడిగిన సొమ్ము ఫోను వెలలో సగానికి పైనే. వానకాలమంతా తడుస్తూ తోటలో తిరిగే మనిషి జేబులో ఫోను పొడిగా ఎలా ఉంటుందో ఆ చీటీ వ్రాసినవారు ఆలోచించినట్లు లేదు. తిరుగు ప్రయాణంలో, రుమాలులో చుట్టిన ఫోనును ఒడిలో పెట్టుకుని ఆయన నన్నడిగారు: "అమ్మినవాడు ఒకడు, మాట్లాడించేవాడు ఒకడు, బాగుచేసేవాడు ఇంకొకడు. ఇందులో మనవాడెవడు మాస్టారూ?"

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెదకవలసి ఉంది.

టెలికాం శాఖ రోజులలో ఈ చిక్కు లేదు. ఇంట్లోని నల్లఫోను శాఖవారి ఆస్తి. మనం అద్దెకట్టి వాడుకునేవాళ్ళం. చెడిపోతే 198కి ఫిర్యాదు చేయాలి. లైన్‌మన్ ఎప్పుడొస్తాడన్నది వేరే సంగతి గాని, రావలసింది అతడేనన్న విషయంలో సందేహం ఉండేది కాదు. 1995 జూలై 31న కలకత్తాలో దేశపు తొలి సెల్‌ఫోను సంభాషణ జరిగిన నాటినుంచి క్రొత్త పద్ధతి వేళ్ళూనింది. సిమ్ము ఒకరిది, ఫోను మరొకరిది. అమెరికాలో నెట్‌వర్కు కంపెనీలే ఒప్పందం మీద ఫోన్లు అమ్మి, చెడినదాన్ని వెనక్కు తీసుకుని, ఇంకొకరు తిరిగి ఇచ్చినదాన్ని బాగుచేసి బదులిచ్చే అలవాటు పెరిగింది. ఇక్కడ నెట్‌వర్కు వారు ఫోను పూచీ తలకెత్తుకోలేదు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ 501 రూపాయలు ముందుగా కట్టించుకుని సీడీఎంఏ ఫోను చేతిలో పెట్టింది. కనెక్షనూ ఫోనూ ఒక్కరివే. నంబరు ఫోనులోనే ఇమిడి ఉండేది. ఫోను చెడితే సిమ్ము తీసి వేరేదానిలో వేసుకునే వీలు లేదు, వారి దగ్గరికే పోవాలి. బిల్లు ఎగవేసినవారి నుంచి బాకీలు రాబట్టడం కంపెనీకీ తలనొప్పే అయింది. మళ్ళీ 2017లో జియోఫోను 1500 రూపాయల డిపాజిట్టుతో వచ్చింది. మూడేళ్ళ తరువాత ఫోను తిరిగి ఇస్తే సొమ్ము వాపసు. అయితే ఏడాదికి కనీసం 1500 రూపాయల రీఛార్జి చేయాలనీ, గడువుకు ముందే తిరిగిస్తే కోత పడుతుందనీ షరతులు వచ్చాయి. తిరిగి ఇవ్వడమనేది కూడా ఒక ఖరీదైన వ్యవహారమని అప్పుడు చాలామందికి తెలిసింది.

బదులివ్వడం కంపెనీకి అక్కర అయినప్పుడు దారి ఎలా దొరుకుతుందో 2007 ఆగస్టులో చూశాము. బీఎల్-5సీ రకం బ్యాటరీలు కొన్ని చార్జింగులో వేడెక్కుతున్నాయని నోకియా ప్రకటించింది. మత్సుషిత సంస్థ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు వరకు చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలవి. వేడెక్కిన సంఘటనలు ప్రపంచమంతటా సుమారు 100 మాత్రమే. అయినా ఊరూరా ఫోను వెనక మూత తీసి బ్యాటరీ మీది అంకెలు చదవడమే పని అయింది. ఎవరి వాడుక తీరునూ ప్రశ్నించకుండా ఉచితంగా మార్చియిచ్చారు. తప్పు తమదని తయారీదారే ఒప్పుకుంటే చుక్క ఎర్రబడిందా లేదా అన్న పరీక్ష ఉండదు.

ఒప్పుకోనప్పుడు న్యాయమెక్కడ? 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్నచోట గాని, వివాదం పుట్టినచోట గాని ఫిర్యాదు చేయాలి. 2009లో సుప్రీంకోర్టు టెలిఫోను సేవల వివాదాలకు 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలోని మధ్యవర్తిత్వమే మార్గమని చెప్పింది. ఫోను అమ్మినవాడి మీద వినియోగదారుల ఫోరానికి పోవచ్చు, నెట్‌వర్కు మీద పోరాదన్న వింత స్థితి పన్నెండేళ్ళకు పైగా నడిచింది. 2022 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం ఆ అడ్డు లేదని తేల్చింది. ఈలోగా 2019 చట్టం 2020 జూలై నుంచి అమలులోకి వచ్చి, ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే కేసు వేయవచ్చునంది. కొన్న వెల 5 లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు. నా దృష్టిలో కొండవారికి ఈ ఒక్క మార్పు పది వారంటీ చీటీలకు సమానం. దూరానికి కూడా ఒక ధర ఉంటుందని చట్టం తొలిసారిగా గుర్తించింది.

ఇప్పుడు పాడేరు జిల్లా కేంద్రం. 2023లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక్కసారిగా పదుల సంఖ్యలో టవర్లు ప్రారంభించారు. మాట కొండెక్కింది. మరమ్మతు ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

మా రైతు ఆ ఫోనును పారవేయలేదు. రుమాలుతో సహా బీరువాలో ఉంది. ఈమధ్య క్రొత్తది కొనడానికి వెళ్ళినప్పుడు దుకాణదారు కెమెరా గురించి చెప్పబోతే ఆపి, "చెడితే నేనెక్కడికి రావాలి, ఆ సంగతి రసీదు మీద వ్రాసివ్వండి బాబూ" అన్నారట. దుకాణదారు కాసేపు తటపటాయించి, వ్రాసి సంతకం చేశాడట. ఆ రసీదు నాకు చూపించడానికే ఆయన మా ఇంటికి వచ్చారు.