గేరు పళ్ల లోపాలు – కంపన విశ్లేషణ

గేరుబాక్సును విప్పకుండా, అది నడుస్తుండగానే కంపనాలను కొలిచి పళ్ల అరుగుదలను, పగుళ్లను పసిగట్టే విధానం. స్క్రూడ్రైవర్ కొనను గేరుబాక్సుకు ఆనించి, పిడిని చెవికి నొక్కిపట్టి వినడం మెకానిక్కులకు పాత అలవాటే. 1939లో అమెరికన్ ఇంజనీరు టి.సి. రాత్‌బోన్ యంత్రాల్లో ఎంత కంపనాన్ని సహించవచ్చో అంకెల్లో చూపారు. కానీ కంపనం పెరిగిందని తెలిస్తే చాలదు, ఏ గేరు వల్ల పెరిగిందో తెలియాలి.

20 పళ్ల పినియన్ (చిన్న గేరు) సెకనుకు 25 చుట్లు తిరుగుతూ 50 పళ్ల గేరును నడుపుతోందనుకుందాం. పళ్లు సెకనుకు 500 సార్లు కలుస్తాయి కనుక 500 హెర్ట్జ్ కంపనం మంచి గేరులోనూ ఉంటుంది. పినియన్‌లో ఒక పన్ను పగిలితే చుట్టుకోసారి ఆ కంపనం తీరు మారి, 475, 525 హెర్ట్జ్ దగ్గర పక్క శిఖరాలు లేస్తాయి. శిఖరాల మధ్య ఎడం 25 కాక 10 హెర్ట్జ్ ఉంటే లోపం పెద్ద గేరుది.

ఈ శిఖరాలను త్వరగా లెక్కగట్టే దారిని 1965లో గణితవేత్తలు కూలీ, టూకీల ఫాస్ట్ ఫూరియర్ పద్ధతి తెరిచింది. అంతకు రెండేళ్ల ముందు టూకీయే మరో ఇద్దరితో కలిసి భూకంప ప్రతిధ్వనుల కోసం రూపొందించిన, సమాన ఎడంతో ఉన్న శిఖరాలను పట్టే సెప్‌స్ట్రమ్, ఆ తర్వాత గేరుబాక్సులకూ పనికొచ్చింది.

అసలు మలుపు మాత్రం సగటు తీయడంలో ఉంది. షాఫ్టు చుట్టుకొక సంకేతం తీసుకుని, వందల చుట్ల కంపనాలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు కడితే, ఆ షాఫ్టుకు సంబంధం లేని రొద అణగిపోతుంది. మిగిలిన గీతలో ప్రతి పన్నూ తన చోట కనిపిస్తుంది. 1977లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఎం. స్టీవర్ట్ ఆ గీతలోంచి పళ్ల కలయిక తాలూకు క్రమమైన కంపనాన్ని తీసేసి, మిగిలినదాని పదును కొలిచే ఎఫ్ఎం4 సూచికను ప్రతిపాదించారు. మంచి గేరుకు దాని విలువ సుమారు 3. ఒకటి రెండు పళ్లు దెబ్బతింటే అది పైకి పోతుంది.

ఈ విద్యను ముందుకు నెట్టినవి హెలికాప్టర్ ప్రమాదాలు. 1983 డిసెంబరులో ఆస్ట్రేలియా నౌకాదళానికి చెందిన వెసెక్స్ హెలికాప్టర్ ఒకటి, గేరుబాక్సు పినియన్ పగిలి బాస్ జలసంధిలో కూలింది. అంతకుముందే రికార్డు చేసిన కంపనాలను పరిశోధకుడు పి.డి. మెక్‌ఫాడెన్ మళ్లీ విశ్లేషించి, కంపనం ఎత్తుతో పాటు దాని దశ (ఫేజ్)లోని మార్పునూ చూస్తే పగులు బయటపడుతుందని 1986లో చూపారు. ఆ ఏడాదే నవంబరు 6న షెట్లాండ్ దగ్గర చినూక్ హెలికాప్టర్ బెవెల్ గేరు విరిగి 45 మంది చనిపోయారు. ఎగురుతుండగానే గేరుబాక్సును గమనించే హమ్స్ వ్యవస్థలు 1991 నుంచి ఉత్తర సముద్ర హెలికాప్టర్లలోకి వచ్చాయి.

నడిమి గేరు చుట్టూ తిరిగే ప్లానెట్ గేర్లు ఇప్పటికీ కొరకరాని కొయ్యలే. వాటి ఇరుసులే తిరుగుతుంటాయి, ఒకేసారి చాలా పళ్లు కలుస్తుంటాయి, సెన్సర్ ఉండేది బయటి గోడమీద. 2016 ఏప్రిల్ 29న నార్వేలోని తురోయ్ దగ్గర ఈసీ225 హెలికాప్టర్ కూలి 13 మంది మరణించారు. ప్లానెట్ గేరు లోపలి ఉపరితలంపై చిన్న గుంట దగ్గర మొదలైన పగులు లోహం లోపలే పాకింది. అప్పటి పర్యవేక్షణ వ్యవస్థకు అది చిక్కే అవకాశం తక్కువని 2018 నాటి దర్యాప్తు నివేదిక తేల్చింది.