నీలి గుడ్డ, తుమ్మబంక: పుదుచ్చేరి మిల్లుల కథ

తమిళంలో కుప్పమంటే చిన్న పల్లె, ముఖ్యంగా జాలరుల పల్లె. తెలుగు పాఠకునికి ఆ మాట వినగానే చిత్తూరు జిల్లా పట్టణమే స్ఫురిస్తుంది; కాని పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు అంచున, అలల పక్కన ఉన్న కురుచికుప్పం ఆ పదానికి అసలు అర్థం చెబుతుంది. పుదుచ్చేరికి సహజమైన ఓడరేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. కొబ్బరి తాళ్లతో పలకలను కుట్టిన మసూలా పడవలలో సరకును అలలు దాటించవలసి వచ్చేది. తీరప్రాంతపు పడవవారి నైపుణ్యం లేనిదే ఈ పట్టణపు వర్తకం సాగేది కాదు.

ఆ పడవలలో వెళ్లిన సరకులలో ముఖ్యమైనది నీలిమందు అద్దిన నూలు గుడ్డ. ఫ్రెంచివారు దానిని ‘గినీ’ అన్నారు. అది ఆఫ్రికాలోని సెనెగల్ నదీతీరానికి చేరి, అక్కడ దాదాపు నాణెంలా చెల్లుబాటయ్యేది. ఎడారి వర్తకులు దానికి బదులుగా తుమ్మజాతి చెట్ల బంక ఇచ్చేవారు. ఆ బంక యూరపులో అద్దకపు పరిశ్రమకు అత్యవసరం. రువాన్ నగరపు ఉత్పత్తిదారులు ఈ గుడ్డకు నకలు తయారుచేయబోయారు. ఎడారి వర్తకులు స్పర్శతోను, వాసనతోను అసలు గుడ్డను గుర్తుపట్టి నకలును తిరస్కరించారు. అజ్ఞాతులైన మన అద్దకపువారికి దీనిని మించిన ప్రశంసాపత్రం మరొకటి లేదు.

ఈ గిరాకీని నమ్ముకొనే 1828లో సవానా మిల్లు వెలసింది. యంత్రాలు దారం వడికేవి. 1898లో ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ వచ్చి చేరింది. యానాం వంటి తెలుగు నేల కూడా పరిపాలనలో భాగమైన ఫ్రెంచి ఇండియాకు, రాజధానిలోని ఈ మిల్లులే పారిశ్రామిక ప్రాణనాడి అయ్యాయి.

అయితే మిల్లు లోపలి బ్రతుకు వేరు. 1936 జూలై 30న సమ్మెకారులపై కాల్పులు జరిగాయి; పన్నెండుమంది నేలకొరిగారు. ఆ పోరాటానికి నాయకుడు వి.సుబ్బయ్య. మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రభుత్వం ఎనిమిది గంటల పనిదినాన్ని శాసనబద్ధం చేసింది. ఆ హక్కు దయతో దక్కినది కాదు.

1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి బదిలీ అయింది. స్వేచ్ఛతో పాటు కొత్త పోటీ వచ్చింది. ఫ్రెంచి సామ్రాజ్యం ఒకనాడు సమకూర్చిన ప్రత్యేక విపణి ఇక లేదు. 1986లో ఆంగ్లో-ఫ్రెంచ్ మిల్లును ప్రభుత్వం స్వాధీనపరచుకొన్నది. 2011 డిసెంబరు చివర ‘థానే’ తుపాను మిల్లు షెడ్లను దెబ్బతీసింది. పాత యంత్రాలకు పెట్టుబడి, పాత కార్మికులకు వేతనం, రెండూ భారమే అయిన ఆ మిల్లు 2020లో శాశ్వతంగా మూతపడింది.