పర్సుడీహ్: నగరం అంచున పరిశుభ్రత ఎవరి బాధ్యత?

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌కు దక్షిణాన, టాటానగర్ రైల్వే స్టేషన్‌కు ఆవలి వైపున విస్తరించిన జనావాసం పర్సుడీహ్. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా సదర్ ఆసుపత్రి ఇక్కడి ఖాస్‌మహల్‌లో ఉంది. వ్యవసాయ మార్కెట్ యార్డు కూడా ఈ ప్రాంతంలోనే ఉంది. ఇళ్ల వరుసలు, దుకాణాలు, వాహనాల రద్దీ చూసిన వారికి ఇది నగరంలో ఒక పేటగానే కనిపిస్తుంది. పాలనాపరంగా మాత్రం ఇది గోల్మురి-కం-జుగ్‌సలాయి బ్లాకుకు చెందిన పంచాయతీ ప్రాంతం. చెత్త ఎవరు ఎత్తాలి, మురుగు కాలువ ఎవరు తీయించాలి, తాగునీరు ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్నలకు నగరంలో దొరికే సమాధానం ఇక్కడ దొరకదు. ఆ ఖాళీని కొంతవరకు పూరిస్తున్నవి స్థానిక యువజన క్లబ్బులు, పూజా కమిటీలు, రాజకీయ పార్టీల కింది స్థాయి శాఖలు. అవి చేస్తున్న పని ఏమిటి, ఆ పనికి ఉన్న హద్దులేమిటి, చట్టం ఎవరిపై ఏ బాధ్యత పెట్టింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

కంపెనీ నగరం, దాని అంచు

1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చి గ్రామం వద్ద కర్మాగారం, దాని చుట్టూ పట్టణం వెలిశాయి. 1919లో ఆ పట్టణానికి జంషెడ్‌పూర్ అనీ, కాలీమాటీ స్టేషన్‌కు టాటానగర్ అనీ పేర్లు పెట్టారు. 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ ఏర్పడింది. రోడ్లు, నీరు, పారిశుధ్యం వంటి సేవలను ప్రధానంగా కంపెనీయే చూసుకుంది. తర్వాత ఆ పని కంపెనీ అనుబంధ సంస్థ జుస్కో చేతికి వచ్చింది. ఎన్నికైన నగరపాలక సంస్థ మాత్రం జంషెడ్‌పూర్‌కు ఏర్పడలేదు. దీనిపై జవహర్‌లాల్ శర్మ 1988లో సుప్రీంకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేశారు. అప్పటి నుంచి వివాదం ఏదో ఒక రూపంలో కొనసాగుతూనే ఉంది. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణ ఇందుకు వీలు కల్పిస్తున్నది.

కర్మాగారానికి, రైల్వేకు పని వెతుక్కుంటూ వచ్చిన వారందరికీ కంపెనీ క్వార్టర్లు దొరకలేదు. మిగిలిన వారు స్టేషన్ అవతల, సంతాల్ గ్రామాల మధ్య, అద్దె గదుల్లోనూ చిన్న స్థలాల్లోనూ స్థిరపడ్డారు. బిహారీలు, బెంగాలీలు, ఒడియాలు, ఛత్తీస్‌గఢ్ వారితో పాటు ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారూ వారిలో ఉన్నారు. బిష్టుపూర్‌లోని రామమందిరం ఈ నగరంలో తెలుగువారి ఉనికికి గుర్తుగా నిలిచింది. ఇలా కంపెనీ భూమికి, రైల్వే భూమికి, పాత గ్రామాలకు మధ్య పెరిగిన ప్రాంతాల వరుసలోనిదే పర్సుడీహ్. కరన్‌డీహ్, కీతాడీహ్, బాగ్‌బేడా, హలుద్‌బనీ, సర్జామ్‌దా దాని ఇరుగుపొరుగు.

గణాంకాల్లో పట్టణం, పాలనలో గ్రామం

ఐదు వేలకు తక్కువ కాని జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది సాంద్రత, పురుష శ్రామికుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర వృత్తుల్లో ఉండటం: ఈ మూడు లక్షణాలు ఉన్న గ్రామాన్ని జనగణన శాఖ ‘సెన్సస్ టౌన్’గా లెక్కిస్తుంది. దేశంలో ఇలాంటివి 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894కు పెరిగాయి. బాగ్‌బేడా, హలుద్‌బనీ, సర్జామ్‌దా వంటివి ఈ జాబితాలోనివే. వీటిని కలుపుకునే 2011లో జంషెడ్‌పూర్ పట్టణ సముదాయ జనాభా 13 లక్షలు దాటింది.

అయితే జనగణన లెక్కలో పట్టణమైనంత మాత్రాన మునిసిపాలిటీ ఏర్పడదు. పాలన పంచాయతీదే. నిధులూ గ్రామీణ ప్రమాణాల ప్రకారమే వస్తాయి. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో ఐదు వేలకు మించిన జనాభా ఉన్న గ్రామాలకు ఘన వ్యర్థాల ఏర్పాట్ల కోసం తలకు 45 రూపాయల వరకు సాయాన్ని నిర్దేశించారు. పెరడూ, పశువుల కొట్టమూ ఉన్న ఊళ్లో తడి చెత్త ఎరువు గుంతలోకి పోతుంది. ఇంటి గోడకు ఇంటి గోడ ఆనుకున్న చోట ఆ వీలు లేదు. చెత్త రోడ్డు పక్కకో, ఖాళీ స్థలంలోకో, కాలువలోకో చేరుతుంది. వానాకాలంలో ఆ కాలువ పొంగితే దోమలు, జ్వరాలు వెంటే వస్తాయి.

చట్టం మాత్రం ఈ పరిస్థితిని ముందే గుర్తించింది. 2016లో కేంద్రం ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు మునిసిపాలిటీలకే పరిమితం కాలేదు. సెన్సస్ టౌన్లు, పట్టణ సముదాయాల శివార్లు, పారిశ్రామిక పట్టణాలు, రైల్వే అధీనంలోని ప్రాంతాలు కూడా వాటి పరిధిలోకి వచ్చాయి. ఇంటింటి చెత్త సేకరణ, తడి పొడి వేరు చేయడం వంటి బాధ్యతలను సెన్సస్ టౌన్లలోని పంచాయతీలపైనా ఆ నిబంధనలు ఉంచాయి. బాధ్యతను అప్పగించిన స్థాయిలో వాహనాలు, సిబ్బంది, చెత్త వేసే స్థలం సమకూరకపోవడమే సెన్సస్ టౌన్ల అసలు చిక్కు.

గుర్తులు లేని ఎన్నికలు

ఈ ప్రాంతంలో స్థానిక స్వపరిపాలన చరిత్ర కూడా చిన్నదే. 1978 తర్వాత ఇక్కడ పంచాయతీ ఎన్నికలు మళ్లీ జరగడానికి 32 సంవత్సరాలు పట్టింది. జార్ఖండ్ ఏర్పడిన పదేళ్లకు, 2010లో తొలి పంచాయతీ ఎన్నికలు జరిగాయి. తర్వాత 2015లో, కోవిడ్ కారణంగా ఆలస్యమై 2022లో జరిగాయి. తెలుగు రాష్ట్రాల్లో సర్పంచ్ అని పిలిచే పదవిని ఇక్కడ ముఖియా అంటారు. ఈ ఎన్నికలు పార్టీల గుర్తులపై జరగవు.

తూర్పు సింగ్‌భూమ్ రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న జిల్లా. షెడ్యూల్డు ప్రాంతాల్లో పంచాయతీ అధ్యక్ష పదవులన్నీ షెడ్యూల్డు తెగలకే కేటాయించడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2010 జనవరిలో తీర్పు చెప్పింది. తమ భూమిపై, తమ ఊరిపై ఆదివాసుల మాట చెల్లుబాటు కావడానికి ఇది రక్షణ. సంతాల్ గ్రామాల్లో మాఝీ బాబా, పరగణా వంటి సంప్రదాయ పెద్దల వ్యవస్థ నేటికీ ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు సంప్రదాయ పెద్ద అధ్యక్షత వహించే వీలును జార్ఖండ్ పంచాయతీరాజ్ చట్టం కల్పించింది.

వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ముఖియా పదవికి పోటీ చేసే అవకాశం లేకపోయినా, వార్డు సభ్యత్వం, ఓటు, గ్రామసభలో మాట ఉన్నాయి. పార్టీ గుర్తు లేని ఎన్నికలు, పరిమితమైన పదవులు ఉన్న చోట రాజకీయ ఆసక్తి గల యువకులు తమ పలుకుబడిని చూపుకునే వేదికగా క్లబ్బు మారడం సహజం.

క్లబ్బు ఏడాది

తూర్పు భారతంలో పాడా క్లబ్బు పాత సంప్రదాయం. ఒక గది, ముందు కాస్త ఖాళీ స్థలం, క్యారమ్ బోర్డు, ఫుట్‌బాల్ జట్టు, చందాల పుస్తకం ఉంటే క్లబ్బు ఉన్నట్టే. కొన్ని 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. చాలావాటికి ఆ లాంఛనమూ ఉండదు. ఎవరో ఒక స్థానిక నాయకుడు ‘సంరక్షక్’ పేరుతో వెనుక ఉంటాడు.

వీటి పర్యావరణ కార్యక్రమాలు పండుగల క్యాలెండరును అనుసరించే సాగుతాయి. వర్షాలకు ముందు కాలువల పూడిక తీత, శ్రావణ మాసం ప్రాంతంలో మొక్కలు నాటడం, దుర్గా పూజకు ముందు వీధుల శుభ్రత, కార్తిక శుక్ల షష్ఠినాటి ఛఠ్‌కు ముందు చెరువు గట్లు, నదీ ఘట్టాల శుభ్రత వరుసగా వస్తాయి. వీటన్నిటిలోకి ఛఠ్ ఏర్పాట్లది ప్రత్యేక స్థానం. వ్రతం చేసే స్త్రీలు నడుము లోతు నీటిలో నిలబడి సూర్యునికి అర్ఘ్యం ఇస్తారు కాబట్టి నీరు, గట్టు శుభ్రంగా ఉండాలన్నది ఆచారంలోనే ఇమిడి ఉంది. పార్టీ, కులం, భాష భేదం లేకుండా ఆ నాలుగు రోజుల కోసం యువకులు పారలు పట్టుకుంటారు. సంతాలులు తమ జాహేర్‌థాన్‌లలోని సాల వృక్షాలను పవిత్రంగా కాపాడుకోవడం ఇంతకంటే పాతదైన మరో సంప్రదాయం. కరన్‌డీహ్‌లోని దిశోమ్ జాహేర్‌థాన్ ఈ ప్రాంత సంతాలులకు ముఖ్యమైన ఆరాధనా స్థలం.

అయితే ఈ పనులకు స్వభావసిద్ధమైన పరిమితి ఉంది. పూడిక తీస్తారు, తీసిన మట్టి గట్టునే ఉండిపోతే తొలి వానకు తిరిగి కాలువలోకి జారుతుంది. ఘట్టం శుభ్రమవుతుంది, పండుగ ముగిసిన మర్నాడు పూలు, పత్తిరి, ప్లాస్టిక్ సంచులు మిగులుతాయి. మొక్క నాటిన రోజున పదిమంది ఉంటారు, వేసవిలో నీరు పోసే వారు కరవవుతారు. రోజూ జరగవలసిన పనిని ఏడాదికి నాలుగుసార్లు చేసే శ్రమదానం భర్తీ చేయలేదు.

రాజకీయం కలిసినప్పుడు

క్లబ్బు వెనుక పార్టీ ఉండటం వల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. బ్లాకు అభివృద్ధి అధికారికి విడి పౌరుడు ఇచ్చిన అర్జీకి, వందమంది సంతకాలతో క్లబ్బు ఇచ్చిన అర్జీకి తేడా ఉంటుంది. శాసనసభ్యుని నిధి నుంచి కాలువ కట్టించుకోవడం, ఆసుపత్రి పరిసరాల్లో దోమల మందు చల్లించడం, పాడైన చేతిపంపు బాగుచేయించడం వంటి పనులకు ఈ మార్గం పనికొస్తుంది. సభలో మాట్లాడటం, లెక్క చూపడం, అధికారితో వాదించడం నేర్చుకునే పాఠశాలగానూ క్లబ్బు ఉపయోగపడుతుంది.

మరోవైపు, నాయకుని ఇంటి వీధి ముందు శుభ్రపడి, ఓటు వేయని వీధి వెనుకబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నాయకుడు పార్టీ మారితే క్లబ్బు చీలుతుంది, మొదలుపెట్టిన పని ఆగుతుంది. క్లబ్బుల్లో స్త్రీల సంఖ్య చాలా తక్కువ. పంచాయతీ పదవుల్లో సగం స్త్రీలకు కేటాయించిన రాష్ట్రంలో, నీటి కష్టం ప్రధానంగా మోసేది స్త్రీలే అయిన చోట, ఇది చిన్న లోపం కాదు.

నీటి పథకం నేర్పినది

ఇక్కడి ప్రజల మాట ఎంత దూరం వెళ్లగలదో పొరుగునే ఉన్న బాగ్‌బేడా ఉదంతం చూపింది. బాగ్‌బేడా, ఛోటా గోవింద్‌పూర్ ప్రాంతాలకు నదీజలాన్ని శుద్ధి చేసి అందించే బహుళ గ్రామ పథకాలను ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టారు. 2015లో పనులకు శ్రీకారం చుట్టారు. శివారు జనానికి ఆ నీరు అత్యవసరం. అయితే శుద్ధి కేంద్రానికి ఎంచుకున్న గిద్ధీ ఝోప్డీ గుట్ట, అక్కడి ఆదివాసులకు పశువుల మేతకు, ఔషధ మొక్కలకు, అంత్యక్రియలకు ఆధారం. తమను సరిగా సంప్రదించలేదంటూ గ్రామస్థులు 2018లో ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి ఫిర్యాదు చేశారు. మండలి విచారణ జరిపింది.

ఈ వివాదంలో ఒక పక్క నీరు కావలసిన వేలాది కుటుంబాలు, మరో పక్క గుట్టను కోల్పోయిన చిన్న గ్రామం నిలిచాయి. రెండూ ప్రజల పక్షాలే. గ్రామసభలో ముందే చర్చ జరిగి ఉంటే స్థలం మారేదో లేదో చెప్పలేం. కానీ పథకం మొదలైన తర్వాత తలెత్తిన అవిశ్వాసం, ఆలస్యం చాలావరకు తప్పేవి. పర్యావరణ కార్యక్రమంలో ‘ప్రజలు’ అన్న మాటకు ఒకే అర్థం ఉండదని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ఇంటింటి చెత్త సేకరణకు, తడి పొడి విభజనకు సూర్యాపేట మునిసిపాలిటీ 2000 దశకంలోనే దేశవ్యాప్తంగా పేరు పొందింది. అక్కడ పని మునిసిపాలిటీ సిబ్బందిది, సహకారం ప్రజలది. ఎవరి వంతు ఎంతో స్పష్టంగా ఉండటమే దాని బలం. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డులో యువకులు, స్త్రీలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కో దానిలో 15 మంది సభ్యులు ఉండాలని నిర్దేశించింది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలని కూడా చెప్పింది. అమలులో హెచ్చుతగ్గులు ఉన్నా, క్లబ్బు ఇష్టపూర్వకంగా చేసే పనికి చట్టం ఒక స్థానం కల్పించింది. పర్సుడీహ్ క్లబ్బులకు అటువంటి స్థానం లేదు.

అందుబాటులో ఉన్న మార్గాలు

మునిసిపాలిటీ వచ్చేదాకా వేచి ఉండనవసరం లేని మార్గాలు కొన్ని ఉన్నాయి. మొదటిది గ్రామసభ. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పారిశుధ్యాన్ని చేర్చాలని అక్కడ తీర్మానం చేయించవచ్చు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికే ముడిపెట్టింది. ఆ సొమ్ము ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడిగే హక్కు ప్రతి ఓటరుకూ ఉంది. రెండోది 2005 నాటి సమాచార హక్కు చట్టం. ఫలానా కాలువ రైల్వేదా, పంచాయతీదా, రోడ్ల శాఖదా అన్న ప్రశ్నకు రాతపూర్వక సమాధానం రాబట్టడమే సగం పని. మూడోది జిల్లా యంత్రాంగం. పంచాయతీ, నోటిఫైడ్ ఏరియా, రైల్వే కలిసే చోట చెత్త వేసే స్థలాన్ని గుర్తించే పనిలో 2016 నిబంధనలు జిల్లా కలెక్టరుపై బాధ్యత ఉంచాయి. జార్ఖండ్‌లో ఆ అధికారిని డిప్యూటీ కమిషనర్ అంటారు.

ఈ మూడు మార్గాలకూ కావలసినవి సంతకాలు, ఓపిక, తేదీల వారీగా దాచిన కాగితాలు. క్లబ్బులకు మనుషులున్నారు, ఉత్సాహం ఉంది, వీధి వీధితో పరిచయం ఉంది. ఏడాదికి నాలుగుసార్లు పార పట్టే ఆ చేతులే గ్రామసభ హాజరు పుస్తకంలోనూ సంతకం చేస్తే, ఖాస్‌మహల్ ఆసుపత్రికి వానాకాలంలో చేరే జ్వరపీడితుల సంఖ్య తగ్గే అవకాశం ఉంది.