అన్నవాడి కాలమా, వ్రాసినవాడి కాలమా?

బడిలో ఆంగ్ల వ్యాకరణం చదువుకున్న ప్రతివారికీ ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చే అభ్యాసాలు గుర్తుండే ఉంటాయి. ‘ఈజ్’ కనబడితే ‘వాజ్’ చెయ్యాలి, ‘విల్’ను ‘వుడ్’ చెయ్యాలి, ‘టుమారో’ను ‘ద నెక్స్ట్ డే’ చెయ్యాలి. ఎందుకలా చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ సూత్రం విలువ నాకు బోధపడింది వ్యాకరణ గ్రంథాలు తిరగేసినప్పుడు కాదు, బ్రిటిష్ పార్లమెంటు చర్చలు అచ్చులోకి ఎక్కిన చరిత్ర చదివినప్పుడు.

తన చర్చలను పత్రికలు ప్రచురించడం సభాహక్కుల ఉల్లంఘన అని కామన్స్ సభ 1738లో తీర్మానించింది. ఎడ్వర్డ్ కేవ్ నడిపే ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ అందుకొక ఉపాయం పన్నింది. చర్చలన్నీ లిల్లిపుట్ దేశపు సభలో జరిగినట్లు వేసింది. వాల్‌పోల్ పేరును తారుమారు చేసి వాలెలాప్ అన్నది. 1741 నుండి సుమారు మూడేళ్ళు ఆ ప్రసంగాలు వ్రాసినవాడు నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్. ఎవరెవరు ఏ పక్షాన మాట్లాడారో ఇతరులు తెచ్చి ఇస్తే, మాటలు తానే కల్పించేవాడు. తన పడుచుదనాన్ని ఎత్తిపొడిచినందుకు విలియమ్ పిట్ ఇచ్చిన సుప్రసిద్ధమైన జవాబు కూడా జాన్సన్ కలం నుండి వచ్చినదే. చిత్రమేమంటే, ఈ కల్పిత ప్రసంగాలన్నీ ‘నేను’ అనే ఉత్తమపురుషలోనే సాగుతాయి!

1771లో ఈ వివాదం ముదిరి, చర్చలు అచ్చువేసినవారి పక్షాన నిలిచిన లండన్ మేయర్ బ్రాస్ క్రాస్బీని టవర్ చెరసాలకు పంపారు. ఆ తరువాత సభ పత్రికలను అడ్డుకోవడం దాదాపుగా మానుకున్నది. అయినా గ్యాలరీలో కూర్చుని వ్రాసుకోవడానికి తొలినాళ్ళలో అనుమతి లేదు. విలియమ్ వుడ్‌ఫాల్ అనే పత్రికాకర్త గంటల తరబడి విని, జ్ఞాపకం మీద ఆధారపడి వ్రాసేవాడు. ‘మెమొరీ’ వుడ్‌ఫాల్ అన్న పేరు ఆయనకు అలా వచ్చింది.

జ్ఞాపకం మీద వ్రాసేవాడు ఇతరుల నోట ‘నేను’ అనిపించడానికి సందేహిస్తాడు. ‘ఆయన ఇలా అన్నాడు’ అనడమే క్షేమం. 1803లో విలియమ్ కాబెట్ ప్రారంభించి, 1812లో టి. సి. హాన్సర్డ్ చేతికి వచ్చిన చర్చల సంపుటాలు చాలాకాలం పత్రికల నివేదికలనుండి కూర్చినవే. ప్రముఖుల ప్రసంగాలు కొన్ని ఉత్తమపురుషలో ఉన్నా, తక్కినవి ఎక్కువగా ప్రథమపురుషలో, భూతకాలంలో నడుస్తాయి. ఆ భూతకాలం ఒక కంచె వంటిదని నా భావన. ఈ మాట అతనిది, నాది కాదు అని నివేదకుడు ప్రతి క్రియలోనూ చెప్పుకుంటున్నాడు. ప్రాచీన ఆంగ్లంలో ఈ పనికి క్రియ సంశయార్థక రూపాన్ని తరచుగా వాడేవారు. జర్మన్ పత్రికలు నేటికీ అలాంటి రూపాన్నే వాడుతున్నాయి.

అయితే ఈ కంచెకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఒక సభ్యుడు ‘ఐ వాజ్ అగైన్‌స్ట్ ద వార్’ అన్నాడనుకోండి. యుద్ధాన్ని అప్పట్లో వ్యతిరేకించాను అని అర్థం. ఇప్పటి సంగతి వేరు కావచ్చు. మరొకడు ‘ఐ హావ్ బీన్ అగైన్‌స్ట్ ద వార్’ అన్నాడు. అతని వ్యతిరేకత ఇంకా కొనసాగుతూనే ఉంది. సూత్రాన్ని కచ్చితంగా పాటిస్తే రెండూ ‘హి హాడ్ బీన్ అగైన్‌స్ట్ ద వార్’ అయిపోతాయి. మాట మార్చినవాడూ, మాట మీద నిలిచినవాడూ ఒకే వాక్యంలో కలిసిపోతారు. నూరేళ్ళ తరువాత ఆ పుటలు తిరగేసే చరిత్రకారుడు వారిని ఎలా విడదీస్తాడు?

1909లో పార్లమెంటు తన సొంత నివేదకులను నియమించుకుని, ప్రసంగాలను ఉత్తమపురుషలో, దాదాపు ఉన్నదున్నట్లుగా ప్రచురించసాగింది. పునరుక్తులు, స్పష్టమైన పొరపాట్లు తొలగించినా, వక్త క్రియాకాలం వక్తకు తిరిగి దక్కింది.

మన భాషకు ఈ చిక్కు లేదు. ‘వస్తాను’ అన్నవాడి మాటను ‘తాను వస్తానని అన్నాడు’ అంటాము. కర్త ‘తాను’ అయినా క్రియ ఉత్తమపురుషలోనే, అన్నవాడి కాలంలోనే నిలుస్తుంది. దూరం చూపడానికి ‘అని’ ఉంది, బాధ్యత వదిలించుకోవడానికి ‘వస్తాడట’లోని ‘ట’ ఉంది. అందుకే అనువాదంలో జాగ్రత్త అవసరం. ‘హి సెడ్ హి వాజ్ ఇల్’ అన్నదానిని ‘జబ్బుగా ఉండేవాడినని అన్నాడు’ అని తెనిగిస్తే, అప్పుడు జబ్బుతో ఉన్నవాడికి అంతకుముందే నయమైపోతుంది! ‘జబ్బుగా ఉన్నానని అన్నాడు’ అంటే సరిపోతుంది.

ఇక ఆంగ్లంలో వ్రాయవలసివస్తే? వంతెన భద్రంగా ఉందని ఒక మంత్రి చెప్పాడనుకుందాం. ‘ద బ్రిడ్జ్ వాజ్ సేఫ్’ అని వ్రాస్తే ఆ హామీ మంత్రిది. ‘ఈజ్ సేఫ్’ అని వ్రాస్తే వ్రాసినవాడూ దానికి భుజం పట్టినట్లు ధ్వనిస్తుంది. భూమి గుండ్రంగా ఉందన్న మాటకు అలా భుజం పట్టవచ్చు. మంత్రి హామీకి పట్టేముందు వంతెనను ఒకసారి చూసి రావడం మంచిది.